రోషాగడ్డి నూనె, గాదెలోని పురుగు

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగరమునకు పోవు దారిలో, చెరువుల క్రింది వరిమళ్లు వెనుకబడి, గులకరాళ్ల మెట్టనేలయు, దానిపై మోదుగ, టేకు, తునికి చెట్ల పలుచని అడవియు ఎదురైన తావులందు, వానలు వెనుదిరిగి ఆశ్వయుజ కార్తికములు వచ్చునప్పటికి, నిలువెత్తు పెరిగి ఎర్రబారిన కంకులు వేసిన గడ్డి యొకటి దుబ్బులు దుబ్బులుగా కానవచ్చును. ఆ కంకి నొకదానిని త్రుంచి అరచేత నలిపినచో, మొదట గులాబిపూవు వాసనయు, దాని వెనుక శొంఠిఘాటు కలిసిన మరియొక వాసనయు వచ్చి, చేయి కడిగికొన్నను కొంతసేపటివరకు విడువదు. ఇదియే రోషాగడ్డి, రూసాగడ్డి యని కొంద రందురు. వృక్షశాస్త్రజ్ఞులు సింబొపోగన్ మార్టిని యని వ్యవహరించు నీ తృణము నిమ్మగడ్డికిని, దోమలను తోలు నూనె నిచ్చు సిట్రొనెల్లా గడ్డికిని దగ్గరి చుట్టము. మనుష్యుని నాసికను రంజింపజేయుటకై ఏ గడ్డియు పరిమళమును కూడబెట్టదు. చోటు విడిచి పారిపోలేని ప్రాణి గనుక, తన్ను కొరుక వచ్చు పురుగును, క్రుళ్లింప వచ్చు బూజును దూరముంచుటకు వృక్షజాతి కోటానుకోట్ల సంవత్సరములలో సంపాదించుకొన్న రసాయనసంపద యది. ఆ సంపదను మన గాదెలకును, గుమ్ములకును, విత్తనపు సంచులకును కావలి పెట్టవచ్చునా, పెట్టినచో దాని నెంతవరకు నమ్మవచ్చును అనునది నేటి రైతునకు పనికివచ్చు ప్రశ్న.

ఈ గడ్డినుండి తైలము తీయుట మన సీమకు క్రొత్తవిద్య కాదు. నిజామాబాదు, ఆదిలాబాదు అడవులలో రోషాగడ్డి చిరకాలము అటవీ ఫలసాయములలో నొకటిగా నుండెను. కోతహక్కు పాడుకొన్న గుత్తేదారులు గడ్డిని ఊరికి మోయించక, వాగునీరు చేరువగా నున్న చోట అడవిలోనే బట్టీలు పెట్టించెడివారు. పూత నిండుగా నున్న దినములలో గడ్డిని కోసి, కొంత వాడనిచ్చి, రాగిపాత్రలోనో ఇనుపపాత్రలోనో నీరు పోసి, అందులో గడ్డిని అదిమి నింపి, మూతచుట్టును మన్ను మెత్తి, క్రింద కట్టెలమంట పెట్టుదురు. మూతనుండి వెడలిన వెదురుగొట్టము, వాగులో మునుగునట్లు కట్టియుంచిన మరియొక పాత్రకు ఆవిరిని కొనిపోవును. చల్లనినీటి తాకిడికి ఆవిరి ద్రవించి, అడుగున నీరు నిలిచి, పైన లేతపసుపు వన్నెగల నూనె తేలును. దానిని మెల్లగా తేర్చి సీసాల కెత్తుకొని, నూనె పోయిన పిప్పిని ఎండబెట్టి మరుసటి బట్టీకి వంటచెరకు చేసికొందురు. నూరు కిలోల పచ్చిగడ్డికి అరకిలోకు అటునిటుగా మాత్రమే నూనె వచ్చును గావున, ఒక్క సీసా వెనుక ఎంత కోత, ఎంత మోత, ఎంత మంట యుండునో తెలియనివారు దాని వెల విని ఉలికిపడుట సహజము.

బొంబాయి రేవు చేరిన నూనె అచటినుండి ఎర్రసముద్రపు రేవులకును, అరబ్బు వర్తకుల చేతులమీదుగా కాన్‌స్టాంటినోపులునకును పోయి, అచట గులాబి అత్తరులో కల్తీకి పనికివచ్చెడిది. అటనుండి యూరపునకు చేరునప్పటికి దీనికి టర్కీ జెరేనియం తైలమను పేరు పడినది. భారతదేశపు మెట్టలలో పుట్టిన సొత్తు తురకదేశపు సొత్తుగా చలామణి యయ్యెను. 1871లో ఆస్కార్ యాకబ్సన్ అను జర్మను రసాయనజ్ఞుడు ఈ నూనెనుండియే జెరేనియోలు అను పదార్థమును మొదటిసారి వేరుచేసెను. పది కర్బన పరమాణువులు, పదునెనిమిది ఉదజని పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు గల ఈ చిన్న అణువే రోషాతైలములో నూటికి 75 మొదలు 85 పాళ్లవరకు నుండును. అయితే అన్ని రోషాదుబ్బులును ఒకటి కావు. పొడిమెట్టలపై విడివిడిగా పెరుగు మోతియా రకమునుండియే మేలైన నూనె వచ్చును. తేమగల పల్లపునేలలలో గుంపుగా పెరుగు సోఫియా రకపు నూనెలో జెరేనియోలు తక్కువ, అల్లపు ఘాటు ఎక్కువ. కంటికి రెండును ఒక్కతీరుగనే తోచును గనుక, కోతకు దిగిన కూలివాని ముక్కే ఇందులో మొదటి పరీక్షాయంత్రము.

జెరేనియోలు ఒంటరిగా మరుగవలెనన్న సుమారు 230 డిగ్రీల వేడి కావలెను. అంతవేడికి గడ్డి మాడిపోవును, నూనె చెడిపోవును. అయినను వాగుగట్టున కట్టెలమంటపై ఆ పని సులువుగా జరుగుచున్నది. దీనికి కారణమేమనగా, నీటితో కలియని ద్రవము నీటితోపాటు వేడెక్కునపుడు రెండింటి ఆవిరి పీడనములును కలిసి వాతావరణ పీడనమునకు సమానమైన చాలును, రెండును కలిసియే పైకి లేచును. కావున 100 డిగ్రీలకు లోపుననే నీటియావిరి వెంట నూనెయు బయలుదేరును. భౌతికశాస్త్రపు ఈ సూత్రమును గ్రంథమున చదువనివారు తరతరములుగా దానిని చేతులతో ఎరుగుదురు.

ఇచట ఒక భ్రాంతిని తొలగించుకొనుట అవసరము. పురుగుమందుగా నూనె యనగానే మన రైతునకు వేపనూనె, కానుగనూనె జ్ఞప్తికి వచ్చును. అవి గింజను గానుగలో నలిపి తీసిన స్థిరతైలములు; రోషా, నిమ్మగడ్డి, యూకలిప్టసు, తులసి మొదలగువానినుండి ఆవిరిపట్టి తీసినవి చంచలమైన సుగంధతైలములు. తెల్లకాగితముపై వేపనూనెచుక్క నొకటి, రోషానూనెచుక్క నొకటి ప్రక్కప్రక్కన వేసి గాలితగులుచోట ఉంచి చూడుడు. వేపనూనె మరక మరునాటికిని అట్లే జిడ్డుగా నుండును; రెండవ చుక్క గదినిండ పరిమళించి, కొంతకాలమునకు కాగితముపై జాడ యించుకయైన విడువక వెడలిపోవును. వేపగింజలోని అజాడిరాక్టిను పురుగు నోటిలోబడి దాని ఆకలిని చంపి, కుబుసము విడుచుటను చెరచును. సుగంధతైలము ప్రధానముగా ఆవిరియై, పురుగు ఊపిరిరంధ్రముల దారిని లోపల ప్రవేశించును. మొదటిది ఆకునంటి పనిచేయునది, రెండవది గాలిలో పనిచేయునది. ఈ భేదము తెలిసినవానికి సుగంధతైలము నెచ్చట వాడవలెనో, ఎచ్చట వాడరాదో సగము తెలిసినట్లే.

సూక్ష్మజీవిపై ఈ తైలముల దెబ్బ మొట్టమొదట దాని పైపొర మీద పడును. ప్రతి జీవకణమును చుట్టియుండు పొర కొవ్వుపదార్థపు అణువులతో కట్టబడినది. జెరేనియోలు వంటి అణువులు నీటిలో కంటె కొవ్వులోనే ఎక్కువగా కరుగును గనుక, ఆ పొరలో దూరి దాని అల్లికను సడలించును. రోషాతైలమును ఈస్టు కణములపై ప్రయోగించి 2003లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి, తైలము తగిలిన కణములనుండి పొటాసియము అయానులు బయటికి కారిపోవుటను కొలిచి చూపినది. కారిన కణము తన లోపలి లవణముల పొందిక నిలుపుకొనలేక నశించును. ఒక్కతాళమునకు ఒక్కతాళపుచెవి యన్నట్లు ఏకైక కీలకమును మాత్రమే తాకు ఔషధములకు బూజులు, బాక్టీరియాలు త్వరగా అలవాటుపడుట మనము చూచుచునే యున్నాము. పొరనంతటిని కలతపెట్టు పదార్థమునకు, పైగా అనేక పదార్థముల మిశ్రమమునకు, అలవాటుపడుట వానికంత సులభము కాదు. అట్లని ఎన్నటికిని అలవాటుపడవని భావింపరాదు.

కీటకముల విషయమున కథ మరింత సూక్ష్మమైనది. మన నాడులలో అడ్రినలిను వర్గపు రసాయనములు చేయు పనికి దగ్గరి పనిని కీటకముల నాడులలో ఆక్టోపమిను అను పదార్థము నెరవేర్చును. సుగంధతైలములలోని అనేకములైన పదార్థములు ఈ ఆక్టోపమిను గ్రాహకములను తాకి పురుగును కలవరపెట్టుననియు, కొన్ని అసిటైల్‌కోలిను ఎస్టరేసు అను ఎంజైమును అడ్డుకొనుననియు పరిశోధనలు చూపినవి. వెన్నెముక గల జంతువులలో ఆక్టోపమినునకు ఆ ప్రాధాన్యము లేదు గావుననే, పురుగును పడగొట్టు మోతాదు మనుష్యునకు సాధారణముగా హాని చేయదు. అమెరికా పర్యావరణ సంస్థ 1996లో జెరేనియోలును, సిట్రొనెల్లా, నిమ్మగడ్డి, లవంగము, రోజుమరీ మున్నగు తైలములను అత్యల్ప ప్రమాదము గలవాని జాబితాలో చేర్చి, పురుగుమందుల రిజిస్ట్రేషను నిర్బంధమునుండి మినహాయించినది.

కాని పురుగులన్నియు ఈ వాసనకు పారిపోవునని యెంచినవాడు ప్రకృతి నెరుగడు. తేనెటీగ తన పొట్టచివరి గ్రంథినుండి విడిచి తోటి ఈగలను పిలుచుకొను పరిమళములో జెరేనియోలు ముఖ్యభాగము. అనగా దోమను వెళ్లగొట్టు వాసన యైనదే తేనెటీగకు ఆహ్వానము. ఇంకను విచిత్రమైనది బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాసంస్థలో జరిగినది. దోమలను తోలుటకై వాడు సిట్రొనెల్లా నూనెపై పండుఈగలు వచ్చి వ్రాలుటను గమనించి, వచ్చినవన్నియు మగ ఈగలే యని గుర్తించి, ఎఫ్. ఎం. హౌలెట్ అను కీటకశాస్త్రజ్ఞుడు 1912లో ఆ సంగతిని ప్రకటించెను; 1915 నాటికి ఆ యాకర్షణకు కారణము మిథైల్ యూజినాలు అను పదార్థమని తేల్చెను. నేడు మన మామిడితోటలలో కొమ్మలకు వ్రేలాడుచున్న ప్లాస్టిక్కు బుట్టలు, వానిలో కుప్పలుగా చచ్చిపడిన పండుఈగలు ఆ పరిశీలన ఫలమే. తరుముట యొకటే కాదు, పిలిచి పట్టుటయు సుగంధతైలముల విద్యలో భాగము. ఏ పురుగునకు ఏ తైలము ఏ మోతాదున అన్న పరీక్ష లేకుండ, మొక్కనుండి వచ్చినది గనుక పురుగు చచ్చునని సీసాపై అచ్చువేసి అమ్ముట శాస్త్రము కాదు, వ్యాపారము.

నా అభిప్రాయమును దాచక చెప్పెదను: ఆరుబయటి పొలమున సుగంధతైలమునకు పెద్దపని లేదు. 2018లో మన దేశమున అడుగిడి, ఆ యేటనే తెలంగాణ మక్కచేలకును వ్యాపించిన కత్తెరపురుగు, మొక్క సుడిలో దూరి తన విసర్జనచే సుడిని కప్పుకొని కూర్చుండును; ఎండలో కొలదిగంటలలో ఎగిరిపోవు నూనె దానిని చేరుటయు కష్టము, చేరినను నిలుచుట యంతకంటె కష్టము. రైతు చేతిలోని నాలుగు రూపాయలు అట్టి పిచికారీకి ధారపోయుమని నేను చెప్పజాలను. కాని ఏ గుణము పొలమున దోషమో, ఆ గుణమే మూతగల గాదెలో బలము. గాలి కదలని చోట ఆవిరి నిలుచును. గింజల నడుమనున్న సందులన్నింటను నిండును. ఏ ధూళిమందును చేరలేని చోటికిని చేరును. పని తీరినపిమ్మట మూత తీసి ఆరబోసినచో చాలవరకు తానే తొలగిపోవును.

దీని విలువ తెలియవలెనన్న పెసలను చేతిలోనికి తీసికొని వెలుతురున పట్టి చూడవలెను. పుచ్చుపురుగు సోకిన పెసలపై ఆవగింజలో సగమైన లేని తెల్లని చుక్కలు అంటుకొని యుండును. అవి గ్రుడ్లు. ఆ చుక్కక్రిందినుండియే పిల్లపురుగు నేరుగా పప్పులోనికి తొలుచుకొనిపోయి, లోపలనే తిని, లోపలనే ఎదిగి, చివరకు గుండ్రని కిటికీ తెరచుకొని పెద్దపురుగై వెలువడును. బియ్యములోని ముక్కుపురుగు మరింత గడుసుది. గింజకు రంధ్రము చేసి, అందులో గ్రుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చివేయును గనుక పైకి ఏమియు కనబడదు. ఇట్లు గింజలోపల కాపురమున్న శత్రువును చేరగలది వాయువు, ఆవిరి మాత్రమే. అందులకే గోదాములలో మిథైల్ బ్రోమైడు, అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు వాడుకలోనికి వచ్చినవి. మిథైల్ బ్రోమైడు ఓజోను పొరకు హాని చేయునదని తేలి, మాంట్రియల్ ఒప్పందము ననుసరించి, క్వారంటైను వంటి పనులకు తప్ప, అభివృద్ధిచెందిన దేశములలో 2005 నాటికిని, తక్కినవానిలో 2015 నాటికిని విడువవలసివచ్చెను. మిగిలిన బిళ్ల తేమ తగిలినంతనే ఫాస్ఫీను అను ప్రాణాంతకవాయువును విడుచును. దానికి విరుగుడు మందు లేదు. శిక్షణ గలవారు మూసిన గోదాములో వాడదగిన యా బిళ్లలను పడుకగదిలోని బియ్యపుసంచిలో వేసికొన్న కుటుంబములు ప్రాణములు గోల్పోయిన వార్తలు చదివినప్పుడెల్ల, ఇంటిగాదెకు తగిన మృదువైన కావలి లేకపోవుట ఎంత లోపమో తెలియవచ్చును.

మన అవ్వలు వేపాకును, ఎండిన వావిలాకును గుమ్మిలో పొరలు పొరలుగా వేయుట ఊరక చేసిన పని కాదు. వావిలాకులో సినియోలు మొదలగు చంచలపదార్థము లున్నవి. ఆకు ఎండి నలుగుకొలది అవి మెల్లమెల్లగా వెడలుచుండును. అయితే ఆకునుండి వచ్చు ఆవిరి స్వల్పము. కొలది మాసములలో దాని సత్తువ యుడిగిపోవును. అందుచే ఆకు వేసిన గుమ్మిలోను పురుగు పుట్టుట కద్దు. ఆవిరితైలము ఈ పాతపద్ధతికే కొలతను, బలమును చేకూర్చగలదు. నిజామాబాదుకు వన్నె తెచ్చిన పసుపులోను ఇట్టి సంపద కలదు. పసుపుకొమ్ములోని టర్మెరోనులు అను పదార్థములు పిండిపురుగును తరుమునని అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు 1982లోనే నిరూపించిరి. ఇక కొమ్ము త్రవ్వుటకు ముందు కోసి గట్టుపై పడవేయు పసుపాకులోనుండియు నూనె తీయవచ్చును. నేడది ఎక్కువభాగము ఎండి గాలిపాలగుచున్నది. జాతీయ పసుపు బోర్డు కార్యస్థానము 2025లో నిజామాబాదుననే వెలసినది గనుక, కొమ్ముధరతోపాటు ఈ ఆకును గూర్చియు ఆ సంస్థ యోచింపవలెను.

పురుగుకంటె భయంకరమైనది బూజు. కోతవేళ వాన తడిసిన మక్కకంకులపై ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను ఆకుపచ్చని బూజు పట్టినచో, అది అఫ్లాటాక్సిను అను విషమును పుట్టించును. 1974 చివర రాజస్థానములోని బాంస్వాడా, గుజరాతులోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామములలో అకాలవర్షమునకు తడిసిన మక్కలు తిని కామెర్లతో నూరుమందికి పైగా మరణించిరి. ఆ యుపద్రవమును పరిశోధించి, దోషము మక్కలలోని బూజువిషముదని లోకమునకు తెలిపినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు. వారి వ్యాసము 1975లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. ఒకసారి పుట్టిన ఆ విషము వంటవేడికి పూర్తిగా పోదు. బూజు పుట్టకుండ చూచుకొనుటయే మార్గము. అనేక సుగంధతైలములు ఈ బూజు పెరుగుదలను, విషోత్పత్తిని అణచునని కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎన్. కె. దూబే బృందము సుదీర్ఘకాలముగా చేసిన పరిశోధనలు చూపినవి. నూనె త్వరగా ఎగిరిపోవు లోపమును సరిదిద్దుటకు దానిని కైటోసాను వంటి పదార్థపు అతిసూక్ష్మమైన గుళికలలో బంధించి, కొలది కొలదిగా విడుదలయగునట్లు చేయు ప్రయత్నములును సాగుచున్నవి. ఎంత మంచి నూనె యైనను తడిగింజకు మందు కాదు. మక్కలను తేమ నూటికి 12, 13 పాళ్లకు దిగువగునంతవరకు ఎండబెట్టుట మొదటిపని. తైలము ఆ తరువాతిమాట.

కొన్ని జాగ్రత్తలను గట్టిగా చెప్పవలసియున్నది. మరియొక నూనెతో పలుచన చేయని సుగంధతైలమును చర్మముపై పూయరాదు; జెరేనియోలు కొందరికి దద్దురులు పుట్టించును. పసిపిల్లలకు అందుచోట ఏ సుగంధతైలపు సీసాయు ఉంచరాదు. యూకలిప్టసు తైలము, కర్పూరతైలము కొలదిగా మ్రింగినను మూర్ఛలు వచ్చును. విత్తనమునకు దాచిన గింజపై మోతాదు మించినచో పురుగుతోపాటు మొలకయు చావవచ్చును గనుక, ముందుగా నూరుగింజలను తడిగుడ్డలో కట్టి మొలకశాతమును చూచుకొనవలెను. అంగడిలోని చవకనూనెలలో కల్తీ అధికము. నూనెలోని పదార్థముల పాళ్లను తెలుపు గ్యాస్ క్రొమటోగ్రాఫు పరీక్షాపత్రము లేని నూనెను గాదెకు వాడుట గ్రుడ్డిపని.

రోషాను అడవిలో వెదకుకొననక్కరలేదు. మేలురకముల నారు పోసి మెట్టపొలమున నాటినచో కొన్నేండ్లవరకు మరల నాటనవసరము లేక ఏటికి రెండు మూడు కోత లిచ్చును. కేంద్రీయ ఔషధ సుగంధ సస్య సంస్థ త్రిష్ణ, పీఆర్‌సీ-1 మొదలగు రకములను రూపొందించినది. ఆ సంస్థ పరిశోధనాకేంద్రము హైదరాబాదు చెంతనే బోడుప్పలులో కలదు. 2017లో ఆరంభమైన అరోమా మిషను క్రింద ఇట్టి పంటలను దేశమంతట ప్రోత్సహించుచున్నారు. కోతుల మందలచే మక్కచేలను విడిచిపెట్టుకొన్న కామారెడ్డి రైతునకు, కోతియు అడవిపందియు సాధారణముగా ముట్టని యీ పైరు వేరొక విధముగను ఆదరణీయము. అయితే బట్టీ లేని ఊరిలో రోషా నాటుట నష్టము. నాలుగైదు ఊళ్లకు ఉమ్మడిగా ఒక ఆవిరిబట్టీ ముందు, సాగు తరువాత.

రుద్రూరులోని కృషి విజ్ఞానకేంద్రము, బోడుప్పలులోని సుగంధ సస్య కేంద్రము చేతులు కలిపి, ఎల్లారెడ్డి, కామారెడ్డి చుట్టుపట్ల కొన్ని గ్రామములలో రైతుల ఇండ్లలోనే ఒక యేడాదిపాటు ఈ తైలమును గాదెలపై పరీక్షింపవలెనని నా మనవి. క్వింటాలు కందులకు ఎన్ని మిల్లీలీటర్ల నూనె కావలెను, ఎన్ని నెలలకొకసారి వేయవలెను, మొలకశాతము ఎంత నిలిచినది, వండిన పప్పున వాసన మిగిలినదా, బిళ్లలకైన ఖర్చుతో పోల్చిన లెక్క ఎంత అను ఈ అయిదింటికి జవాబులు అంకెలలో వ్రాసి, తెలుగున అచ్చువేయించి, పంచాయతీ కార్యాలయము గోడకు అంటింపవలెను.